సాబీ సాండ్‌లో మూడు రాత్రులు: ఆఫ్రికా ప్రైవేటు అడవిలో లగ్జరీ సఫారీకి సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజాము ఐదున్నర. పైకప్పు లేని ల్యాండ్ రోవర్ ఇసుక దారిలో మెల్లగా పోతుంటుంది. బానెట్ ఎడమ మూలన బిగించిన చిన్న కుర్చీలో ట్రాకర్, అంటే జంతువుల జాడ పట్టే మనిషి, కూర్చుని ఉంటాడు. ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తుతాడు, బండి ఆగుతుంది. గైడూ అతనూ దిగి, వంగి, నేల వంక చూస్తారు. మనకి అక్కడ ఉత్త మట్టే కనిపిస్తుంది. వాళ్లకి మాత్రం రాత్రి మంచు పడ్డాక ఒక ఆడ చిరుత ఈ దారి దాటి వాగు వైపు వెళ్లిందని తెలిసిపోతుంది.

ఈ మార్గదర్శి రాయాలనిపించింది ఆ ఇద్దరి వల్లే. లగ్జరీ సఫారీ అనగానే చాలామంది గది ఫొటోలు చూసి బుక్ చేస్తారు. సొంత ఈత కొలను ఉందా, బాత్ టబ్‌లోంచి నది కనిపిస్తుందా అని అడుగుతారు. అవన్నీ బాగానే ఉంటాయి. కానీ అక్కడికి వెళ్లొచ్చాక ఎవరిని అడిగినా ముందుగా గుర్తొచ్చేది గైడు, ట్రాకర్, వాళ్లు చూపించిన అడవి. అందుకే నా సలహా ఇది: ముందు ఏ అడవో తేల్చుకోండి, తర్వాత ఏ బృందమో చూడండి, తర్వాత ఎన్ని రాత్రులో లెక్కేయండి. గది సంగతి చివర్న. కింద ఒక్కో అడుగుగా చెబుతాను.

ముందు, ప్రైవేటు రిజర్వ్ అంటే ఏమిటో

దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్క్ దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. 1898లో సాబీ గేమ్ రిజర్వ్‌గా మొదలై 1926లో జాతీయ పార్క్ అయింది. దానికి పడమటి అంచున ప్రైవేటు భూములు ఉన్నాయి. ఒకప్పటి పశువుల ఫారాలూ వేట భూములూ కలిసి ఇప్పుడు అడవులుగా ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది సాబీ సాండ్. విస్తీర్ణం సుమారు 65 వేల హెక్టార్లు, అంటే 650 చదరపు కిలోమీటర్లు. పాత జీహెచ్‌ఎంసీ పరిధి అంత నేల అనుకోండి. క్రూగర్‌కీ దీనికీ మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు. అప్పటి నుంచి ఏనుగులూ సింహాలూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. జంతువులకి ఇదంతా ఒకటే అడవి.

తేడా మనుషులకే. క్రూగర్‌లో మీ కారు మీరే నడుపుకోవచ్చు, ఖర్చు చాలా తక్కువ, నాకు అదీ ఇష్టమే. కానీ అక్కడ రోడ్డు దిగకూడదు, సొంత కారులో ఉంటే చీకటి పడేలోపు క్యాంపుకో గేటుకో చేరిపోవాలి. సింహం పొద దగ్గర కనిపిస్తే పది ఇరవై కార్లు వరుసగా నిలబడతాయి. ప్రైవేటు రిజర్వ్‌లో గైడు అవసరమైతే దారి వదిలి పొదల్లోకి బండి నడపగలడు. చీకటి పడ్డాక కూడా తిప్పుతాడు. ఒక జంతువు దగ్గర ఒకేసారి రెండు మూడు బండ్లకి మించి ఉండకుండా గైడ్లు రేడియోలో మాట్లాడుకుని వంతులు వేసుకుంటారు. బయటి బండ్లకి ప్రవేశం లేదు. మీరు కట్టే డబ్బుకి అసలు ప్రతిఫలం ఈ మూడు నాలుగు సంగతులే.

మొదటి అడుగు: ఏ అడవి?

చిరుతను దగ్గరగా, తీరిగ్గా చూడాలన్నదే మీ కోరికైతే సాబీ సాండ్. చిరుత మామూలుగా మనిషి కంట పడదు. ఇక్కడ మాత్రం దశాబ్దాలుగా, తల్లి నుంచి పిల్లకి, బండ్లని చూస్తూ పెరగడంతో వాటికి బండి అంటే భయం లేదు. గైడ్లు ఒక్కో చిరుతనీ విడిగా గుర్తుపడతారు. మీసాల పై వరుసలో కుడి చెంప మీద ఎన్ని మచ్చలు, ఎడమ చెంప మీద ఎన్ని అని లెక్కపెట్టడం వాళ్ల పద్ధతి.

సాబీ సాండ్‌కి ఉత్తరాన టింబవాటి ఉంది. దాన్ని 1956లో నెలకొల్పారు. అదీ క్రూగర్‌కి కంచె లేకుండానే ఆనుకుని ఉంటుంది. లాడ్జిలు కాస్త దూరం దూరంగా, హడావిడి తక్కువగా ఉంటాయి. తెల్ల సింహాల వల్ల పేరొచ్చింది గానీ అవి కనిపిస్తాయని ఆశపెట్టుకుని వెళ్లకండి, చాలా అరుదు.

చిన్నపిల్లలతో వెళ్తున్నారా? అప్పుడు నేను నేరుగా మాడిక్వే అంటాను. బోట్స్వానా సరిహద్దున ఉన్న ఈ రిజర్వ్‌ని 1991లో ఏర్పాటు చేశారు. బక్కచిక్కిన పశువుల భూమిని అడవిగా మార్చి, ఎనిమిది వేలకు పైగా జంతువులని తెచ్చి వదిలారు. అక్కడ మలేరియా లేదు. పిల్లలకి మాత్రలు మింగించే టెన్షన్ ఉండదు. ఈస్టర్న్ కేప్‌లోని షామ్వారి, క్వాండ్వే కూడా మలేరియా లేని చోట్లే. కేప్‌టౌన్ వైపు యాత్ర పెట్టుకున్నవారికి అవి కలిసొస్తాయి.

డర్బన్‌లో బంధువులో స్నేహితులో ఉన్నవాళ్లకి క్వాజులు నటాల్‌లోని ఫిండా దగ్గరవుతుంది. 1860 నుంచి కూలికి వలస వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉన్నారు. అక్కడి ఆంధ్ర మహాసభ 1931లో పుట్టింది. సఫారీకి ముందో వెనకో రెండు రోజులు వాళ్ల మధ్య గడిపితే ఆ ప్రయాణానికి వేరే రుచి వస్తుంది.

ఇక్కడి నుంచి సాబీ సాండ్‌నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

రెండో అడుగు: ఎప్పుడు వెళ్లాలి?

అక్కడ రుతువులు మనకి తలకిందులు. మన వానాకాలం వాళ్ల చలికాలం. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు ఉండవు. గడ్డి ఎండి పలచబడుతుంది, చెట్లు ఆకులు రాలుస్తాయి, నీళ్లున్న చోటికి జంతువులే వస్తాయి. మొదటిసారి వెళ్లేవారికి ఇదే మంచి కాలం. అయితే జూన్, జులైలో తెల్లవారుజామున పది డిగ్రీల కన్నా కిందికి పడిపోతుంది. పైన కప్పులేని బండిలో గాలి కొడుతుంటే అది ఇంకా చల్లగా అనిపిస్తుంది. లాడ్జివాళ్లు దుప్పట్లూ వేడినీళ్ల సంచులూ ఇస్తారు, అయినా మంకీ క్యాప్, చేతి తొడుగులు తీసుకెళ్లండి.

మన సెలవులతో కలుపుకుంటే ఇలా ఉంటుంది. ఏప్రిల్, మే వేసవి సెలవులు అక్కడ వానలు తగ్గే కాలం. వాతావరణం హాయిగా ఉంటుంది, గడ్డి మాత్రం ఇంకా కాస్త ఎత్తుగానే ఉంటుంది. దసరా సెలవులు వాళ్లకి చలికాలం పోయి ఎండలు ముదిరే సమయం. నీటి గుంటలు అడుగంటి ఉంటాయి కాబట్టి చూడటానికి చాలా బాగుంటుంది. సంక్రాంతికి వెళ్తే అడవంతా పచ్చగా ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో పుట్టిన ఇంపాలా అనే జింకల పిల్లలు గుంపులు గుంపులుగా గెంతుతుంటాయి, వలస పక్షులు వచ్చి ఉంటాయి. కానీ వాన పడొచ్చు, ఉక్క ఉంటుంది, దోమలూ ఎక్కువే. పక్షులంటే ప్రాణమిచ్చేవాళ్లకి నేను అక్కడి వానాకాలమే చెబుతాను.

పక్షుల మాట వచ్చింది కాబట్టి: అక్కడ లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అని ఒకటి కనిపిస్తుంది. ఎండుకొమ్మ మీద కూర్చుని, ఎగరగానే రెక్కల్లో నీలం మెరుస్తుంది. అది మన పాలపిట్టకి దగ్గరి చుట్టం. దసరా నాడు పాలపిట్ట కోసం ఊరి చివరికి నడిచిన వాళ్లెవరికైనా దాన్ని చూడగానే గుండె ఒక్కసారి పొంగుతుంది.

మూడో అడుగు: లాడ్జిని ప్రశ్నలు అడగండి

సాబీ సాండ్ ఒకటే రిజర్వ్ అయినా లోపల భూమి ఎవరిది వారిదే. మీ లాడ్జి బండి ఎంత మేర తిరగవచ్చన్నది లాడ్జిని బట్టి మారుతుంది. దీన్ని ట్రావర్సింగ్ హక్కు అంటారు. బుకింగ్‌కి ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. చిరుత పక్క లాడ్జి భూమిలోకి నడిచిపోతే, హక్కు లేని బండి గట్టు మీదే ఆగిపోవాలి. పెద్ద నేల ఉన్న లాడ్జిల్లో మలామలా ఒకటి. దానికి 13 వేల హెక్టార్లకు పైగా భూమి ఉంది. ఆ భూమిని 2013లో, వర్ణవివక్ష పాలన పోయాక వచ్చిన భూ పునరుద్ధరణ చట్టం కింద, ఎన్‌వాండ్లమ్హారి అనే స్థానిక సమాజానికి ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. మీరు కట్టే డబ్బు ఎవరికి చేరుతుందన్నది మీకు ముఖ్యమైతే ఇలాంటి వివరాలూ అడగండి. మంచి లాడ్జి సంతోషంగా చెబుతుంది.

రెండో ప్రశ్న: బండికి ఎంతమంది? మూడు వరుసల సీట్లలో తొమ్మిది మందిని ఎక్కించేవాళ్లూ ఉన్నారు, ఆరుగురికి మించి ఎక్కించని వాళ్లూ ఉన్నారు. వరుసకి ముగ్గురైతే మధ్యలో కూర్చున్నవారికి ఇబ్బంది. ఫొటోలు తీసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కుటుంబంలో నలుగురైదుగురు ఉంటే ప్రైవేటు బండి ధర అడగండి. అదనంగా ఖర్చవుతుంది, కానీ ఎక్కడ ఎంతసేపు ఆగాలో మీరే చెప్పవచ్చు.

మూడో ప్రశ్న: ప్రతి బండిలోనూ గైడుతో పాటు విడిగా ట్రాకర్ ఉంటాడా? కొన్ని తక్కువ ధర లాడ్జిల్లో గైడు ఒక్కడే రెండు పనులూ చేస్తాడు. నా దృష్టిలో ట్రాకర్ లేని చోట సగం అడవే దొరుకుతుంది. ఈ ప్రాంతపు ట్రాకర్లలో చాలామంది షంగాన్ అనే స్థానిక తెగ మనుషులు. చిన్నప్పుడు పశువులు కాస్తూ తండ్రుల నుంచీ తాతల నుంచీ ఈ విద్య నేర్చుకున్నవాళ్లు వీరిలో ఉన్నారు. గైడుకి ఫీల్డ్ గైడ్స్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఆఫ్రికా సర్టిఫికెట్ ఉందా, అక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు అని కూడా అడగవచ్చు. అలా అడిగితే వాళ్లు ఏమీ అనుకోరు.

పిల్లలున్నవాళ్లు వయసు నిబంధన ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కొన్ని లాడ్జిలు ఆరేళ్ల లోపు పిల్లల్ని మిగతావాళ్లతో కలిసి బండి ఎక్కనివ్వవు, కొన్ని పన్నెండేళ్ల లోపు వారిని లాడ్జిలోకే రానివ్వవు. నడక సఫారీకి సాధారణంగా పదహారేళ్లు నిండాలి.

పెద్దవాళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆ బండి మెట్లు ఎత్తుగా ఉంటాయని మేం ముందే రాస్తే, వాళ్లు ప్రతి పూటా ఒక చిన్న స్టూలు వేసి, చెయ్యి పట్టుకుని ఎక్కించారు. వెనక వరుస బాగా ఎగిరెగిరి పడుతుంది, నడుం నొప్పి ఉన్నవారిని డ్రైవర్ వెనక మొదటి వరుసలోనే కూర్చోబెట్టండి. గదుల్లో కూడా భోజనశాలకి దగ్గరది అడగండి.

ఇక రాత్రుల లెక్క. రెండు రాత్రులంటే బండిలో అడవి తిరిగే డ్రైవ్‌లు నాలుగు, ఒక వాన పడితే మూడే. మూడు రాత్రులు కనీసం అని నా గట్టి నమ్మకం. మొదటి రోజు కళ్లు అలవాటు పడటానికే పోతుంది. రెండో రోజుకి గైడుకి మీ ఇష్టాలు తెలుస్తాయి. మూడో రోజు మీరు అడవిని చూడటం మొదలుపెడతారు. రెండు లాడ్జిల్లో రెండేసి రాత్రుల కన్నా ఒకే లాడ్జిలో నాలుగు రాత్రులు మేలు.

నాలుగో అడుగు: డబ్బు

ధర ఎప్పుడూ ఒక మనిషికి, ఒక రాత్రికి, ఇద్దరు గది పంచుకుంటే అన్న లెక్కలో చెబుతారు. దీన్ని సరిగా చూడక గది ధర అనుకుని సంబరపడేవాళ్లు ఉన్నారు. సాబీ సాండ్‌లో సాదా లాడ్జిలు సుమారు నాలుగైదు వందల డాలర్ల నుంచి మొదలవుతాయి. సింగీటా లాంటి పేరున్న చోట అది రెండు వేల డాలర్లు దాటుతుంది. మధ్యలో మంచి లాడ్జిలు చాలా ఉన్నాయి. ఒంటరిగా వెళ్తే అదనపు రుసుం ఉంటుంది. అక్కడి వాన కాలంలోనూ, మూడు రాత్రులకి కడితే నాలుగు ఇచ్చే ఆఫర్లలోనూ తగ్గింపు దొరుకుతుంది.

ఆ ధరలో సాధారణంగా గది, మూడు పూటల తిండి, రోజుకి రెండు డ్రైవ్‌లు కలిసి ఉంటాయి. మద్యం, బట్టలు ఉతకడం, ఎయిర్‌స్ట్రిప్ నుంచి తీసుకురావడం కలిశాయా లేదా అడగండి. రిజర్వ్ గేటు రుసుం, సంరక్షణ రుసుం విడిగా వసూలు చేసే చోట్లు ఉన్నాయి. 15 శాతం వ్యాట్ ధరలో ఉందో లేదో చూడండి. మన దేశంలోని ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. రద్దు నిబంధనలు కఠినంగా ఉంటాయి. అత్యవసరంలో విమానంలో తరలించే ఖర్చు కూడా ఇచ్చే ప్రయాణ బీమా తీసుకోకుండా వెళ్లవద్దు. అడవిలో అంబులెన్స్ రావడానికి గంటలు పడుతుంది.

బడ్జెట్ చాలకపోతే గది స్థాయి తగ్గించండి, రాత్రులు తగ్గించకండి.

ఐదో అడుగు: వీసా, టీకా, మాత్రలు

మన పాస్‌పోర్టుకి దక్షిణాఫ్రికా వీసా ముందుగా తీసుకోవాలి. వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ ద్వారా దరఖాస్తు చేస్తారు. పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 30 రోజులు గడువు ఉండాలి. గుర్తింపు పొందిన టూర్ ఏజెన్సీలతో గుంపుగా వెళ్లేవారికి 2025 నుంచి ఒక సులభ పథకం ఉంది. విడిగా వెళ్లేవాళ్లు రెండు నెలల ముందే మొదలుపెట్టండి. పిల్లలతో వెళ్తే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధృవీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. తల్లో తండ్రో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం కూడా.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో చాలా గందరగోళం ఉంది, కాబట్టి నెమ్మదిగా చదవండి. దక్షిణాఫ్రికాలో ఆ జ్వరం లేదు. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో నేరుగా వెళ్లి వచ్చేవారికి టీకా అక్కర్లేదు. కానీ ఇథియోపియా, కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. టికెట్ చవక అని ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా సర్టిఫికెట్ అడుగుతుంది. కెన్యాలోని మసాయి మారా కూడా చూసి వద్దామనుకుంటే తప్పనిసరి. తిరిగి వచ్చేటప్పుడు మన దేశం ఇంకా కఠినం. సర్టిఫికెట్ లేకుండా ఆ దేశాల నుంచి దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లలేదని చెబితే వదిలేయవచ్చు, కానీ అది అక్కడి ఆరోగ్య అధికారి నిర్ణయం, దాని మీద ఆధారపడకండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

సాబీ సాండ్ మలేరియా ప్రాంతమే, ముఖ్యంగా సెప్టెంబరు నుంచి మే దాకా. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ మాత్రలు వెళ్లే ముందు ఒకటి రెండు రోజుల నుంచి మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు. ఏది సరిపడుతుందో మీ డాక్టరే చెప్పాలి. గర్భిణులూ, ఐదేళ్ల లోపు పిల్లలూ మలేరియా లేని రిజర్వ్‌కే వెళ్లడం మంచిది. తిరిగొచ్చాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పడం మరవకండి.

ఆరో అడుగు: చేరుకోవడం, సామాను

హైదరాబాద్ నుంచి జొహానెస్‌బర్గ్‌కి ఒక చోట మారి వెళ్లాలి. అక్కడి నుంచి స్కుకుజా విమానాశ్రయానికి చిన్న విమానంలో గంట లోపే. స్కుకుజా క్రూగర్ పార్క్ లోపలే ఉంది, దిగగానే లాడ్జి బండి వచ్చి ఉంటుంది. కేప్‌టౌన్ నుంచి కూడా స్కుకుజాకి విమానాలున్నాయి. కొన్ని లాడ్జిలకి సొంత ఎయిర్‌స్ట్రిప్‌లు ఉన్నాయి, ఇంకా చిన్న విమానాలు నేరుగా అక్కడే దింపుతాయి. రోడ్డు మీద అయితే జొహానెస్‌బర్గ్ నుంచి ఐదారు గంటలు. మనలాగే ఎడమ వైపు నడుపుతారు కాబట్టి స్టీరింగ్ ఇబ్బంది ఉండదు. చీకటి పడక ముందే రిజర్వ్ గేటు చేరేలా బయల్దేరండి. గేట్లు మూసే వేళలు ఉంటాయి, చివరి మట్టి రోడ్డు మీద రాత్రి పూట పశువులు తిరుగుతుంటాయి.

చిన్న విమానాల్లో సామాను పరిమితి చాలా తరచుగా 20 కిలోలే, అదీ చక్రాలూ గట్టి డిప్పా లేని మెత్తటి సంచిలో. మేం మొదటిసారి గట్టి సూట్‌కేసుతో వెళ్లాం. కౌంటర్ దగ్గర అది లోపల పట్టదని చెప్పడంతో నేల మీద కూర్చుని, కావలసినవి ఒక గుడ్డ సంచిలోకి సర్ది, మిగతాది జొహానెస్‌బర్గ్‌లోనే లాకర్‌లో వదిలి వెళ్లాల్సి వచ్చింది. విమానం వెళ్లిపోతుందేమోనని ఆ అరగంట పడిన ఆందోళన మీకొద్దు.

బట్టలు తక్కువే సరిపోతాయి. చాలా లాడ్జిలు రోజూ ఉతికి ఇస్తాయి. మట్టి రంగు, ఖాకీ, ఆకుపచ్చ బట్టలు మూడు జతలు, ఒక మందపాటి జాకెట్, టోపీ, పూర్తి చేతుల చొక్కా. తెల్లవి వద్దు, దుమ్ము పడుతుంది, దూరానికి కనిపిస్తాయి కూడా. మిలిటరీ మచ్చల బట్టలు అసలు వద్దు. దక్షిణాఫ్రికా పక్కనే ఉన్న జింబాబ్వేలో అవి పౌరులకి నిషేధం. విక్టోరియా జలపాతం కూడా చూసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

బైనాక్యులర్ ఒక్కటే ఉంటే చాలదు, మనిషికి ఒకటి ఉండాలి. 8x42 సరిపోతుంది. జంతువు కదిలిపోయే క్షణంలో భార్యాభర్తలు ఒకే బైనాక్యులర్ కోసం చేతులు చాచడం చాలాసార్లు చూశాను. కెమెరాకి 100-400 లెన్స్ ఉంటే హాయి.

ప్లగ్ విషయంలో మనకి ఒక సౌకర్యం ఉంది. దక్షిణాఫ్రికాలో ఎక్కువగా కనిపించే సాకెట్ మన ఇళ్లలో గీజర్‌కీ ఏసీకీ వాడే లావు పిన్నుల పవర్ సాకెట్ లాంటిదే. అంటే మన ఎలక్ట్రికల్ షాపులో దొరికే 15 ఆంపియర్ల ప్లగ్ అడాప్టర్ అక్కడ పనికొస్తుంది.

ఏడో అడుగు: తిండి గురించి ముందే రాయండి

ఇది తెలుగువాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. వెళ్లే రెండు వారాల ముందు లాడ్జికి ఈమెయిల్ పంపండి. "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. గుడ్డు తింటారా, చేప తింటారా, మాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూప్ పనికిరాదా, అన్నీ విడివిడిగా రాయండి. మాంసం తింటారు కానీ గొడ్డు మాంసం తినరు అంటే అది కూడా స్పష్టంగా చెప్పాలి. సాయంత్రం బండి దగ్గర పళ్లెంలో పెట్టే ఎండు మాంసం ముక్కల్ని బిల్టాంగ్ అంటారు. అది చాలాసార్లు గొడ్డు మాంసమే, కొన్నిసార్లు కూడూ లాంటి అడవి జంతువుది. తెలియక తిని తర్వాత బాధపడేకన్నా ముందే అడగండి.

అన్నం, పప్పు అడిగితే చేసి పెడతారు. ఎంత బాగా చేస్తారన్నది ఆ వంటమనిషి మీద ఉంటుంది. పచ్చిమిరపకాయలు అడగండి, ఉంటాయి. నేను చెప్పేది మాత్రం, అక్కడివాళ్లు తినే పాప్ తప్పకుండా రుచి చూడండి. మొక్కజొన్న పిండితో గట్టిగా చేసిన ముద్ద, మన సంకటికి అన్నదమ్ముడే. పక్కన చకలక అని టమాటా, మిరపకాయ, బీన్స్‌తో చేసిన కారం కూర వేస్తారు. చేత్తో తింటే ఇంకా బాగుంటుంది, అక్కడా చేత్తోనే తింటారు. సిబ్బంది కోసం వండిన పాప్ కావాలని మా అమ్మ అడిగితే వంటశాలలోని ఆడవాళ్లు ఎంత సంతోషించారో!

ఎనిమిదో అడుగు: ఒక రోజు ఎలా గడుస్తుంది

ఐదింటికి తలుపు తడతారు. కాఫీ, రస్క్. ఐదున్నరకో ఆరింటికో బండి. మూడు నాలుగు గంటలు తిరిగి, మధ్యలో ఎక్కడో నీటి గుంట దగ్గర ఆగి మళ్లీ కాఫీ. తొమ్మిదిన్నరకి తిరిగొచ్చి టిఫిన్. తర్వాత కావాలంటే తుపాకీ పట్టుకున్న గైడుతో గంట నడక. మధ్యాహ్నం నిద్ర. మూడున్నరకి టీ, నాలుగింటికి రెండో డ్రైవ్, సూర్యుడు దిగే వేళ ఒక చోట దిగి పానీయాలు, చీకటి పడ్డాక స్పాట్‌లైట్‌తో తిరుగు ప్రయాణం. రాత్రి భోజనం కొన్ని రోజులు బోమాలో పెడతారు. చుట్టూ కర్రల దడి, మధ్యలో నెగడు, పైన ఆకాశం.

టిఫిన్ తర్వాతి ఆ నడకని మాత్రం నిద్ర కోసం వదులుకోకండి. బండిలో కనిపించనివి కాలినడకన కనిపిస్తాయి. పుట్టలు మనిషి ఎత్తుకి మించి ఉంటాయి. జాకల్‌బెర్రీ చెట్టు చాలాసార్లు ఆ పుట్టల మీదే ఎదుగుతుంది. అది మన బీడీ ఆకుల తునికి చెట్టు జాతిదే. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో తునికి పండ్లు తిన్నవాళ్లు ఆ పసుపు పండు రుచి పోల్చుకుంటారు.

ఇక అసలు విషయం, చిరుతను వెతకడం ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే అర్థం చేసుకుంటే ఆ రెండు గంటలూ ఎదురుచూపులా ఉండవు. ట్రాకర్ ముందు ఇసుక దారి మీద జాడ వెతుకుతాడు. పిల్లి జాతి జంతువులకి నడిచేటప్పుడు గోళ్ల గుర్తు పడదు, మడమ మెత్త వెనక మూడు గుండ్రని అంచులు ఉంటాయి. దుమ్ములగొండి జాడలో గోళ్లు కనిపిస్తాయి. జాడ మీద మంచు చుక్కల గుంటలుంటే అది మంచు పడక ముందుది. మంచు తుడిచిపెట్టుకుపోయి ఉంటే తర్వాతది. పురుగు పాకిన గీత జాడకి పైన ఉందా, కింద ఉందా అన్నది కూడా చూస్తాడు. తర్వాత ఇద్దరూ బండి ఆపేసి చెవులు పెడతారు. ఉడుత ఆపకుండా అరుస్తుంటే, కౌజు పిట్టలు గోల పెడుతుంటే, ఇంపాలా ముక్కుతో బుస్సుమని ఒకే వైపు చూస్తుంటే, అటు వెళ్లాలి. ఇంపాలా చూస్తున్న వైపు మీరూ చూడటం నేర్చుకోండి. అదే ఆ అడవిలో మీకు దొరికే మొదటి పాఠం.

మేం ఒక ఉదయం అలా గంటన్నర తిరిగాం. జాడ రెండుసార్లు పోయింది. ట్రాకర్ దిగి ఒక్కడే పొదల్లోకి నడిచి వెళ్లి, ఇరవై నిమిషాల తర్వాత రేడియోలో షంగాన్‌లో రెండు మాటలు చెప్పాడు. గైడు బండి తిప్పాడు. మరూలా చెట్టు కొమ్మ మీద, నాలుగు కాళ్లూ వేలాడేసి, ఆడ చిరుత. కింద పొదలో పిల్ల. ఎవరూ మాట్లాడలేదు. కెమెరా చేతిలో ఉండి కూడా కాసేపు ఫొటో తీయాలనిపించలేదు.

తొమ్మిదో అడుగు: బండిలో, లాడ్జిలో మర్యాదలు

బండిలో లేచి నిలబడకూడదు. కూర్చున్న మనుషులూ బండీ కలిపి జంతువుకి ఒకే ఆకారంగా కనిపిస్తాయి. నిలబడగానే ఆ ఆకారం విరుగుతుంది, మీరు మనిషిగా కనిపిస్తారు. చెయ్యి బయటికి చాచకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఫ్లాష్ వాడకూడదు, ఫోన్ మోగకూడదు. సింహం చూపించమని గైడుని తొందరపెట్టవద్దు. మీకు ఏది ఇష్టమో మొదటి రోజే చెప్పండి: పక్షులా, చెట్లా, ఏనుగులా, ఫొటోలా. బిగ్ ఫైవ్ అన్న మాట వేటగాళ్లు పెట్టింది. కాలినడకన వేటాడటానికి ప్రమాదకరమైన ఐదు: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, కేప్ దున్న. వాటిని టిక్ పెట్టుకుంటూ పోతే అడవి కుక్కల గుంపునీ, జిరాఫీ నీళ్లు తాగడానికి కాళ్లు చాపే తీరునీ పోగొట్టుకుంటారు.

చాలా లాడ్జిలకి పెద్ద జంతువులని ఆపే కంచె ఉండదు. చీకటి పడ్డాక గది నుంచి అడుగు బయట పెట్టాలంటే ఫోన్ చేసి సిబ్బందిని పిలవాలి. పది అడుగుల దూరమే కదా అనుకోవద్దు. ఏనుగులు బాట మీదికి వస్తాయి. పగలు గది తలుపు గడియ పెట్టండి. కోతులూ బబూన్లూ పండ్ల బుట్ట కోసం లోపలికి వస్తాయి.

ఖడ్గమృగం కనిపిస్తే ఫొటో తీసుకోండి, కానీ ఎక్కడ తీశారో ఎక్కడా పెట్టకండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. దక్షిణాఫ్రికాలో 2014 ఒక్క ఏడాదిలోనే కొమ్ము కోసం 1,215 ఖడ్గమృగాలని చంపారు. తర్వాత తగ్గినా 2024లో కూడా 420 పోయాయి. కొమ్ము కోసేసిన ఖడ్గమృగాన్ని చూస్తే ఆశ్చర్యపోకండి. దాన్ని బతికించడానికే మత్తిచ్చి కోస్తారు.

పదో అడుగు: టిప్పులు, చివరి ఉదయం

టిప్పు తప్పనిసరి కాదు, కానీ అక్కడ ఆనవాయితీ. గైడుకి మనిషికి రోజుకి సుమారు 200 రాండ్లు (అక్కడి కరెన్సీ), ట్రాకర్‌కి 150, మిగతా సిబ్బంది అందరికీ కలిపి ఉండే పెట్టెలో 100 నుంచి 150 అన్నది ఒక మర్యాదైన లెక్క. లాడ్జి తన సూచన కూడా గదిలో పెడుతుంది. గైడుకి ఇచ్చి ట్రాకర్ పంచుకుంటాడులే అనుకోకండి. ట్రాకర్‌కి విడిగా, చేతికి, పేరు పెట్టి పిలిచి ఇవ్వండి. రాండ్ల నగదు జొహానెస్‌బర్గ్‌లోనే తీసుకోండి, అడవిలో ఏటీఎం ఉండదు. షంగాన్‌లో ధన్యవాదాలకి "ఇన్‌కోము" అంటారు. ఆ ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి.

తిరుగు టికెట్ బుక్ చేసేటప్పుడు స్కుకుజా నుంచి విమానం మధ్యాహ్నం తర్వాతే ఉండేలా చూసుకోండి. పొద్దున విమానం పెట్టుకుంటే చివరి డ్రైవ్ పోతుంది. మా చివరి ఉదయం సామాను సర్దేసి, మామూలుగానే ఐదున్నరకి బండెక్కాం. పెద్దగా ఏమీ కనిపించలేదు. జాడలు కూడా లేవు. ఎండుకొమ్మ మీద ఒక రోలర్ ఉంటే గైడు అలవాటుగా దాటేయబోయాడు. మా అమ్మ ఆపమంది. అది ఎగిరేదాకా, రెక్కల్లో నీలం కనిపించేదాకా, పది నిమిషాలు అక్కడే ఉన్నాం.